నిన్న ఏటి సేసేరండీ?

కారు దిగి రిమోట్ నొక్కితే నాలుగు తలుపులూ ఒక్కసారే టక్కుమంటాయి. అందరి కార్లూ అంతే, ఇందులో చెప్పుకోవలసిన వింత ఏమీ లేదు. కానీ నర్సీపట్నంలో ఒకాయన పోయిన దగ్గర్నుంచి, ఆ చప్పుడు విన్నప్పుడల్లా నా చెయ్యి కాసేపు కారు తలుపు మీదే ఉండిపోతోంది. ఆ టక్కు ఆయన చేతి పని. ఆయన బతికుండగా ఆ ముక్క నేను ఎవరికీ చెప్పలేదు.

ఊళ్ళో అందరూ ఆయన్ని వైరింగాయన అనేవారు. కొయ్యూరు వెళ్ళే రోడ్డు మీద, టీకొట్టుని ఆనుకుని రేకుల షెడ్డు. బోర్డు లేదు. కార్లు, జీపులు, ట్రాక్టర్లు, దేంట్లోనైనా కరెంటు పని ఆయనది. రావికమతం వైపు పల్లెటూరి నుంచి చిన్నప్పుడే వచ్చి ఇక్కడ పని నేర్చుకున్నారని ఎవరో అన్నారు. అంతకుమించి ఆయన గురించి నాకు వివరాలు తెలీవు. తెలిసినవన్నీ చేష్టలే.

కారు తీసుకువెళితే ఏ మెకానిక్ అయినా "ఏమైంది?" అని అడుగుతాడు. ఆయన అలా అడిగేవారు కాదు. "నిన్న ఏటి సేసేరండీ?" అనేవారు. నిన్న ఏమీ చెయ్యలేదంటే మొన్న. మొన్న కాదంటే అంతకుముందు. కడిగారా, కొత్త హారన్ బిగించారా, ఎవరికైనా ఇచ్చారా, చింతపండు బస్తా ఎక్కించారా, ఇలా ఓపిగ్గా వెనక్కి వెళ్ళేవారు. "బండి దానంతటది పాడవదండి. మనం ఏదో సేసుంటాం" అన్నది ఆయన సిద్ధాంతం. కొత్తవాళ్ళకి ఇది పోలీసు విచారణలా ఉండేది.

ఎంత డొక్కు కారైనా సరే, చెప్పులు బయట విడిచి, పాదాలు దులుపుకుని ఎక్కేవారు. మెడలో టెస్టు ల్యాంపు వేలాడేది. చిన్న బల్బు, రెండు వైర్లు, ఒకదాని చివర సూది. మీటరు కూడా ఉండేది, కానీ దాన్ని డబ్బాలోంచి తీసినట్టు నేను చూడలేదు. "మీటరు అంకె సెప్తాదండి. బల్బు ఎలిగిందా లేదా సెప్తాది. నాకదే కావాల" అనేవారు. వైర్లని పళ్ళతో ఒలిచీ ఒలిచీ ముందు పన్ను మీద గాడి పడిపోయింది. అది కనిపిస్తుందని సిగ్గో ఏమో, నోరు మూసుకునే నవ్వేవారు.

ఏ పెట్టె విప్పాలన్నా ముందు బ్యాటరీ వైరు తీసేసి, వెళ్ళి టీకొట్టు బల్ల మీద కూర్చునేవారు. ఒక పూర్తి టీ. తొందరపెడితే, "పెట్టె పడుకోవాలండి. మెలకువలో తియ్యకూడదు" అనేవారు. బ్యాటరీ తీసినా కాసేపు ఆ పెట్టెల్లో కరెంటు మిగిలి ఉంటుందట. వాటిని గురించి ఆయన మాట్లాడే తీరు వింటే, ఉయ్యాల్లో పిల్లని నిద్రపుచ్చుతున్నట్టు ఉండేది.

ఇంకో అలవాటు ఉంది. ఏది బాగుచేసినా దాని మీద తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి, బాల్‌పెన్నుతో కారణం రాసేవారు. తర్వాత విప్పేవాడికి తెలియాలట. ఉన్నదున్నట్టు రాసేవారు. "ఎలక కొరికింది." "ఓనరు పైపు పెట్టి కడిగేడు, ఓనరు తప్పు." "కొత్త హారన్లు ఎక్కువైపోనాయి, ఓనరు తప్పు." ఎంత పెద్దవాళ్ళ బండైనా అంతే. ఒకాయన ఆ ముక్క చూసి కోప్పడితే, పీకెయ్యకుండా, "బండికి తెలవాల కదండీ" అన్నారట.

ఇక నా సంగతి. నేను కొయ్యూరు మండలంలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రోజూ నర్సీపట్నం నుంచి కారులో వెళ్ళి వస్తాను. పక్క సీట్లో మా సైన్సు మాస్టారు. నాకు నోరెక్కువ. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ చిన్నప్పుడు చెప్పిందంటే, ఊరి మీద బెంగతో కాదు.

కిందటేడు దసరాకి కారుకి ఘనంగా పూజ చేయించాను. నిమ్మకాయలు, కుంకుమబొట్లు, ముందు అద్దం కింద ఆ చివర నుంచి ఈ చివరకి రెండు బంతిపూల దండలు. తీసెయ్యడానికి మనసొప్పక వారం రోజులు ఆ దండలతోనే తిరిగాను. అవి ఎండి, రాలి, ఎటుపోయాయో నేను చూసుకోలేదు. ఆ తర్వాత ముసురు పట్టింది. మూడు రోజులు ఒకటే వాన.

సైన్సు మాస్టారు, "టీచరుగారూ, నా మేజోళ్ళు తడుస్తున్నాయండి" అన్నాడు. "మీ సీసా మూత సరిగ్గా పెట్టుకోండి మాస్టారూ" అన్నాను.

నాలుగో రోజు బడి ముందు కారు ఆపగానే హారన్ దానంతటదే మొదలైంది. ఎండలో వైపర్లు ఆడుతున్నాయి. దిగుదామంటే తలుపులకి తాళాలు పడిపోయాయి. ప్రార్థనకి నిలబడ్డ పిల్లలంతా మా వైపు తిరిగి చూస్తుంటే, మేమిద్దరం అద్దాల వెనకాల కూర్చుని ఉన్నాం. సాయంత్రానికి ఎలాగో దాన్ని ఆయన షెడ్డుకి చేర్చాను.

"నిన్న ఏటి సేసేరండీ?"

"నేనేం చేస్తానండీ? బడికెళ్ళాను, వచ్చాను."

"మొన్న?"

"మొన్నా అంతే."

"ఆ ముందు? కడిగేరా?"

"చుక్క నీళ్ళు తగలనివ్వలేదు. దసరాకి తడిగుడ్డ పెట్టి తుడిచానంతే. అదీ తప్పేనా?"

దండల మాట నాకు గుర్తు రాలేదు. వచ్చినా చెప్పేదాన్ని కాదేమో, పూలకీ కారు రోగానికీ సంబంధం ఏమిటి!

ఆయన ఎడమవైపు తలుపు తీసి, చెప్పులు విడిచి, మోకాళ్ళ మీద కూర్చున్నారు. కాళ్ళ దగ్గర పరిచిన తివాచీ ఎత్తి అరచెయ్యి ఆనించి, ఆ చెయ్యి వాసన చూసుకున్నారు.

"నీరు దిగిందండి. ఇదిగో, దీనికి పైనే ఉంటాది ఇల్లాలి పెట్టె. అది తడిసింది."

బాడీ కంట్రోల్ మాడ్యూల్‌కి ఆయన పెట్టుకున్న పేరది. ఇంజను చూసుకోడానికి వేరే పెట్టె ఉంటుందట. తలుపులు, దీపాలు, హారన్, వైపర్లు, ఇవన్నీ చూసేది ఇది. "ఇంటిపనంతా ఇదేనండి. సేసినన్నాల్లూ ఎవలూ సూడరు. ఓ రోజు పడకేస్తే అప్పుడు తెలుస్తాది" అన్నారు. మరో సమయంలో అయితే నవ్వేదాన్ని.

"అయితే మార్చెయ్యండి."

"మార్సొద్దండి. రోగం పెట్టెది కాదు, నీటిది. నీరెక్కణ్ణించి దిగుతుందో ముందు సూడాల. రెండ్రోజులు వొగ్గేయండి. సూడకుండా మార్సితే కొత్తది కూడా పోతాది."

"అద్దాలన్నీ మూసే ఉంటే వాన నీళ్ళు ఎలా దిగుతాయండీ? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది."

మెల్లగా అన్నాననుకున్నాను. నా గొంతు క్లాసు రూమ్ గొంతు, మెల్లగా రాదు. ఆయన తివాచీని మళ్ళీ జాగ్రత్తగా పరిచి లేచారు.

మర్నాడు కారుని విశాఖలో ఒక పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్ళాను. వాళ్ళు లాప్‌టాప్ తగిలించారు. తెర మీద తప్పు ఎక్కడో రాసి వచ్చింది, అదే పెట్టె. ఒక్క పూటలో కొత్తది బిగించి, పాతది కవర్లో పెట్టి నా చేతికిచ్చారు. నా గర్వం చూడాలి! దారి పొడవునా ఆ కవరు ఒళ్ళో పెట్టుకుని వచ్చాను.

తిన్నగా ఇంటికి పోయి ఉంటే ఈ రోజు ఇది రాసే పని ఉండేది కాదు. టీకొట్టు ముందు ఆపాను. మా సైన్సు మాస్టారు, ఇంకో ఇద్దరు టీచర్లు, టీకొట్టాయన అక్కడే ఉన్నారు. వైరింగాయన బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు, ఏ పెట్టెనో నిద్రపుచ్చి వచ్చి.

"మీరు రెండు రోజులడిగారు. వాళ్ళు గంటలో తేల్చేశారు. పెట్టే పాడు" అన్నాను. "కంప్యూటరు బళ్ళు పాత చేతులకి లొంగవు లెండి. ఇదిగో, ఇది మీరే ఉంచుకోండి. విప్పి చూసి నేర్చుకోడానికి పనికొస్తుంది."

ముప్పయ్యేళ్ళుగా ఆ పని చేస్తున్న మనిషితో అన్న మాట అది. ఎవరో నవ్వారు. ఆయన గ్లాసు కింద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని, ఆ కవరుని రెండు చేతులతో అందుకున్నారు.

"అలాగేనండి" అన్నారు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, "నీరు ఆగిందాండీ?" అని అడిగారు.

నేను నవ్వి కారెక్కాను.

మా స్టాఫ్‌రూమ్ గురించి ఒక మాట చెప్పాలి. ఏ డాక్టరు మంచివాడు, బియ్యం ఎక్కడ కొనాలి, కారు ఎవరికి చూపించాలి, అన్నీ అక్కడే తేలిపోతాయి. నేను ఆ కథని నాలుగు రోజులు నాలుగు రకాలుగా చెప్పాను. చెప్పిన కొద్దీ ఆయన మరింత తెలివితక్కువగా, నేను మరింత తెలివిగా తయారయ్యాం. పక్క మండలం టీచర్లకి కూడా పాకింది. ఊళ్ళో టీచరు మాటకి విలువ ఉంటుంది, అదే వచ్చిన చిక్కు.

చలికాలం, ఎండాకాలం వాన లేదు. కారు కిక్కురుమనలేదు. అంటే నేను గెలిచినట్టే కదా! రోజూ ఆయన షెడ్డు ముందు నుంచే వెళ్ళేదాన్ని. వేసవి నాటికి అక్కడ కార్లు ఆగడం తగ్గిపోయింది. ఆటోల బల్బులు, స్కూటర్ల హారన్లు, చెరకు ట్రాక్టర్ల వెనక దీపాలు. చూశాను. చూసి, కొత్త కాలం కొత్త పని, ఎవరేం చేస్తారులే అనుకున్నాను. నా మాట వల్లేనని తోచలేదా అంటే, తోచింది. తోచిన ఆలోచనని పక్కకి నెట్టడం నాకు బాగా వచ్చు.

జూన్‌లో తొలకరి పడింది. బడి నుంచి సాయంత్రం వస్తుంటే జీడితోటల దగ్గర వాన ఒక్కసారిగా కుమ్మేసింది. అద్దం మీద వైపర్లు సగంలో ఆగిపోయాయి. దీపాలు పోయాయి. హారన్ మాత్రం పట్టుకుంది. ఎదురుగా బస్సు వస్తున్నట్టు దాని వెలుగుని బట్టి తెలిసింది, రోడ్డు ఎటుందో తెలియలేదు. సైన్సు మాస్టారు దేవుణ్ణి పిలుస్తుంటే స్టీరింగు ఎడమకి తిప్పేశాను. కారు బురదలోకి దిగి ఆగింది. బస్సు పక్కనుంచి పోయింది.

వెనక వస్తున్న జీపతను తాడు కట్టి ఊళ్ళోకి లాక్కొచ్చాడు. ఎక్కడ ఆపాలని నన్ను అడగలేదు. కారు కరెంటంటే వైరింగాయన షెడ్డేనని అతనికి తెలుసు. అతను మా స్టాఫ్‌రూమ్‌లో ఎప్పుడూ కూర్చోలేదు కదా!

సైన్సు మాస్టారు షెడ్డు దాకా రాకముందే దారిలో దిగి, ఆటో ఎక్కి ఇంటికి పోయాడు. నేను షెడ్డు కింద తడిసి నిలబడ్డాను. "నిన్న ఏటి సేసేరండీ?" అని అడుగుతారని సిద్ధపడ్డాను. ఆయన అడగలేదు. అందరినీ అడిగే ఆ మాట నన్ను అడగలేదని నాకు తగిలింది.

చెప్పులు విడిచారు. వైపర్ల కాళ్ళు విప్పి, అద్దం కింద ఉండే నల్ల ప్లాస్టిక్ జాలీ ఎత్తి పక్కన పెట్టారు. దాని కింద వాన నీళ్ళు పోయే కన్నం ఉంటుందని అప్పుడే మొదటిసారి తెలిసింది నాకు. అక్కడ నీళ్ళు చిన్న గుంటలా నిలిచి ఉన్నాయి. మోచెయ్యి దాకా చెయ్యి దింపి తడిమి, నల్లటి ముద్ద ఒకటి పైకి లాగారు. దాంతోపాటు దారం వచ్చింది. పొడుగ్గా, వస్తూనే ఉంది. కుళ్ళిన రేకుల మధ్య ఒకచోట ఇంకా కాస్త పసుపురంగు మిగిలి ఉంది.

నా దసరా దండలు!

అవి కన్నానికి అడ్డం పడడంతో, వాన నీళ్ళు దారి లేక కారు లోపలికి, తిన్నగా ఆ పెట్టె మీదికి దిగాయి. ఆయన మొదటి రోజున చెప్పిందీ అదే. రెండు రోజులు ఇచ్చి ఉంటే ఇది అప్పుడే బయటపడేది. కొత్త పెట్టె కూడా తడిసి పోయింది, ఆయన చెప్పినట్టే.

టీకొట్టాయన గొడుగేసుకుని వచ్చాడు. "ఏటి బావా దొరికింది? ఎలకేటి?"

ఆయన పిడికిలి మూసేశారు. పక్కనున్న పేపరు లాగి ఆ ముద్దని అందులో చుట్టేశారు.

"ఆకులు" అన్నారు. "రోడ్డు మీదియి."

షెడ్డు వెనక మందారం మొక్క ఉంది. వానలోనే వెళ్ళి దాని మొదట్లో ఆ ముద్ద పెట్టి వచ్చి, చెయ్యి కడుక్కుని, నాకొక్కదానికే వినపడేలా, "దేవుడి పూలండి. తుక్కులో పడీకూడదు" అన్నారు.

నేను ఆయనది కాని తప్పుని పదిమందిలో పెట్టాను. ఆయన నాదైన తప్పుని పేపర్లో చుట్టి దాచేశారు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే టీకొట్టాయన ఎందుకని అడుగుతాడని మింగేశాను. అంటే, అప్పుడు కూడా నా పరువే నాకు ముఖ్యం.

ఆ తర్వాత ఆయన పై అరలోంచి పాత తువ్వాలు మూట ఒకటి దింపారు. అందులో నా పాత పెట్టె. "నేర్సుకోమన్నారు కదండీ, ఇప్పి సూసేను. లోపల పచ్చగా సిలుం పట్టీసింది. స్పిరిట్ పోసి బ్రష్షుతో తోమి ఎండలో ఎట్టేను. బాగానే ఉందండి." ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు తేలికయ్యేది.

బ్యాటరీ వైరు తీసి, ఇద్దరం టీకొట్టు బల్ల మీద కూర్చున్నాం. పెట్టె పడుకోవాలి కదా. రేకు మీద వాన చప్పుడు. చేతిలో వేడి గ్లాసు. టీకొట్టాయన ఎదురుగానే ఉన్నాడు. ఆ టీ తాగినంతసేపూ నాకు అవకాశం ఉంది. "తప్పు నాదండి" అంటే మూడు సెకన్ల పని. నేనేమన్నానో తెలుసా?

"పంచదార ఎక్కువైందండీ ఇవాళ."

ఆయన తలూపారు.

పాత పెట్టె బిగించాక తాళం తిప్పితే దీపాలన్నీ వరసగా వెలిగాయి. రిమోట్ నొక్కితే టక్కుమంది. "తాళాన్ని మరిసిపోలేదండి ఇది" అన్నారు ఆయన, నోరు మూసుకుని నవ్వుతూ. తర్వాత ఆ చీకటి మూలలోకి వంగి, ప్లాస్టరు ముక్క చింపి ఏదో రాసి అంటించి, పైమూత నొక్కేశారు. నేను అడగలేదు. ఏం రాసి ఉంటారో నాకు తెలుసు. "ఓనరు పూలు పోసింది, ఓనరు తప్పు." చూసే ధైర్యం లేక ఆ మూత నేను ఎప్పుడూ తియ్యలేదు.

మర్నాడు బడిలో సైన్సు మాస్టారు అడిగాడు. "ఏదో వైరు లూజట" అన్నాను. ఎవరు చేశారంటే, జీపతనికి తెలిసినాయనెవరో అన్నాను.

ఆ తర్వాత రోజూ ఆయన్ని చూసి చిన్నగా హారన్ కొట్టేదాన్ని. ఆయన చెయ్యెత్తేవారు. ఆ హారన్‌తో చెల్లుకు చెల్లు అనుకునేదాన్ని కాబోలు. రేపు చెబుదాం, అందరూ ఉన్నప్పుడు చెబుదాం, అందరూ లేనప్పుడు చెబుదాం.

ఈ దసరాకి ఆయన షెడ్డులో పూజ చేసుకున్నారు. టెస్టు ల్యాంపుకి బొట్టుపెట్టి, స్క్రూడ్రైవర్లు వరసగా పేర్చి. నేను వెళుతుంటే చెయ్యెత్తి ఆపారు. కొబ్బరిముక్క, శనగలు ఆకులో పెట్టి ఇచ్చి, ఒక్క బంతిపువ్వు నా చేతిలో పెట్టారు.

"లోపలెట్టుకోండి. బైట వొద్దు" అన్నారు.

జరిగినదాని గురించి ఆయన నాతో అన్న మాట అదొక్కటే. అది కూడా పక్కనున్న సైన్సు మాస్టారికి అర్థం కాకుండా. మాస్టారు కొబ్బరి నములుతూ, "ఈయనెప్పుడో మన కారు చూశారు కదా, నీరు నీరు అన్నారు" అన్నాడు. ఆయన నా వైపు చూడలేదు. శనగలు పొట్లం కడుతున్నారు. నేను గేరు మార్చాను.

కార్తీకంలో ఒకరోజు షెడ్డు మూసి ఉంది. మర్నాడూ మూసే ఉంది. మూడో రోజు టీకొట్టాయన చెప్పాడు, గుండెపోటు, ఆసుపత్రికి కూడా అందలేదని. ఆ పూట నేను పిల్లలకి చెప్పిన లెక్క బోర్డు మీద మూడుసార్లు తప్పాను.

పదిహేను రోజులకి వాళ్ళింటికి వెళ్ళాను. ఇల్లు షెడ్డు వెనకే, మందారం మొక్క అవతల. గోడకి మేకు, మేకుకి టెస్టు ల్యాంపు. ఆయన భార్య చాప మీద కూర్చుని ఉంది. టీచర్నని చెప్పాను, ఆయన దగ్గర కారు బాగుచేయించుకునేదాన్నని చెప్పాను. ఆవిడ కొంతసేపు నా మొహం చూసి, అడిగింది.

"ఓ మాట సెప్పండి. మీరు సదువుకున్నోరు. మా ఆయనకి కొత్త కార్ల పని నిజంగా రాదాండి?"

నేను గోడకున్న టెస్టు ల్యాంపు వైపు చూశాను.

"ఎవరో టీచరమ్మ టీకొట్టుకాడ అందరి ముందూ అన్నాదంట. తరవాత కార్లు రావడం మానేసినాయి. అన్నం కాడ కూకుని, ‘నాకు పని మరిసిపోయిందేటే’ అని అడిగీవోరు. మీకు రాకపోవడమేటి అనీదాన్ని. నా మాటకేటి, నాను ఇంట్లో మనిసిని. నానేటి సెప్పినా నమ్మకపోదురు."

"ఆ టీచర్ని నేనేనండి" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తల వంచుకుని చాప అంచు పీకుతూ, "అయితే పంచదార ఎక్కువైందన్నది కూడా మీరేనా?" అంది. "ఆ రోజు వోనలో ఇంటికొచ్చి, పెట్టె బతికిందే అన్నారు. నా బ్రష్షు పట్టుకుపోయి తోమీవోరు కదా, అందుకని నాతో సెప్పేరు. మరి టీచరమ్మ ఏటన్నాదని అడిగేను. టీలో పంచదార ఎక్కువైందన్నారే అని నవ్వేరు."

భూమిలోకి పోవాలనిపించింది. క్షమించమని అడిగాను. అడిగి ప్రయోజనం లేదని తెలిసే అడిగాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఆవిడ చాప అంచు వదిలేసింది. "ఏది ఇప్పినా దాని మీద ఏటో రాస్తారు కదండీ. ఆ పెట్టె మీద ఏటి రాసేరు?" అంది.

"నేను చూడలేదండి."

"నాకు సదువు లేదు. మీరు సదివి సెప్పండి."

కారు రోడ్డు మీదే ఉంది. ఎడమ తలుపు తీశాను. ఆవిడ నా పక్కనే నిలబడింది. మూత లాగి, ఫోను దీపం వేసి వంగాను. ఇన్ని నెలలుగా నేను భయపడిన ఆ తెల్ల ముక్క అక్కడ ఉంది, అక్షరాలు గుండ్రంగా, చిన్నపిల్లాడి చేతిరాతలా. పైకి చదివాను.

"వాన నీరు దిగింది. పెట్టె మంచిదే. ఓనరు తప్పు లేదు."

ఆవిడ మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

"మరి ఎవరి తప్పంట?"

"నాదేనండి. పూలదండలు నేనే వేశాను. చూడమని ఆయన చెబితే వినలేదు."

"ఎంతోల్ల బండైనా ఉన్నదున్నట్టు రాసీవోరు కదండీ" అంది ఆవిడ. "మీకెందుకిలాగ రాసేరు?"

నాకు తెలీదు. ఇప్పటికీ తెలీదు. ముప్పయ్యేళ్ళలో ఆయన రాసిన అబద్ధం ఈ ఒక్కటే అయి ఉంటుంది. అది నా కారులో ఉంది.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఆ మాట టీకొట్టుకాడ అన్నారు కదా. ఇది కూడా అక్కడే సదవండి ఓపాలి. తప్పు ఎవరిదో కూడా సెప్పండి."

మర్నాడు పొద్దున్న బడికి వెళ్ళే వేళ, టీ కోసం ఆగిన మా టీచర్లందరి ముందూ నిలబడ్డాను. పాతికేళ్ళుగా పాఠం చెబుతున్న గొంతు, ఆ రోజు లేవలేదు. సైన్సు మాస్టారు ఏదో జబ్బనుకుని సీసా అందించాడు. నీళ్ళు తాగి మొదలుపెట్టాను. ఆయన అడిగిన ప్రశ్నకి జవాబుగానే చెప్పాను. నిన్న కాదు, మొన్న కాదు, కిందటేడు దసరాకి నేను ఏం చేశానో. దండలు, వాన, ఆయన అడిగిన రెండు రోజులు, నేను అన్న మాట, పేపర్లో చుట్టిన పూలు, తువ్వాల్లోంచి తీసిన పెట్టె. జీపతనికి తెలిసినాయనెవరూ లేడని కూడా. చివర ఆ ప్లాస్టరు మీదున్న మూడు వాక్యాలూ చెప్పి, అందులో మూడోది అబద్ధం అన్నాను.

టీకొట్టాయన గ్లాసు కడగడం ఆపేశాడు. "ఆకులన్నాడండీ నాతో" అన్నాడు. "నాను నమ్మీసేను."

అప్పుడు చూశాను, షెడ్డు పక్కన ఆవిడ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు, మొత్తం విన్నట్టే ఉంది. మా వైపు రాలేదు. మూసిన షెడ్డు తలుపు దగ్గరికి వెళ్ళి, దాని మీద చెయ్యి ఆనించింది.

"ఇన్నారా?" అంది. "మీకు పని మరిసిపోలేదంట."